‘సరే’ వేరు, ‘సరేలే’ వేరు

కొన్ని నెలల కిందట ఒక ఆదివారం నాతో గోల్ఫ్ ఆడే స్నేహితుడు నాకు చెప్పకుండా నా షాట్లు ఫోన్‌లో తీశాడు. మొత్తం పదకొండు క్లిప్పులు. ఇంటికి చేరాక అన్నీ పంపించి, కింద ఒక్క ముక్క రాశాడు: “నాలుగోదీ తొమ్మిదోదీ వరసగా చూడరా.”

స్వింగ్‌లో ఏదో లోపం పట్టుకున్నాడనుకున్నాను. రెండూ సెవెన్ ఐరన్ అనే క్లబ్‌తో (బంతి కొట్టే కర్రతో) కొట్టిన షాట్లే. నాలుగోది ఫెయిర్‌వే అనే కత్తిరించిన గడ్డి దారి మీంచి, ముందు ఏ అడ్డూ లేని గ్రీన్‌కి, అంటే జెండా, గుంత ఉండే నున్నటి గడ్డికి. తొమ్మిదోది టీ మీంచి, అంటే ఆట మొదలుపెట్టే చోటు నుంచి, మధ్యలో చెరువున్న పార్ త్రీ (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్). ఎన్నిసార్లు తిప్పి చూసినా స్వింగ్‌లో పెద్ద తేడా కనిపించలేదు. షాట్‌కు ముందు చేసే తంతు, అదే రొటీన్, కూడా అచ్చు గుద్దినట్టు ఒకటే. బంతి వెనక నిలబడి గ్రీన్ వైపు చూడటం, రెండు ప్రాక్టీసు స్వింగులు, ఎడమ చేతి గ్లవ్ ఒకసారి లాగి సర్దుకోవడం, బంతి దగ్గరికి వెళ్ళి పాదాలు కుదుర్చుకోవడం, టార్గెట్ వైపు రెండు చూపులు. ఈ రొటీన్ అంటే నాకు లోలోపల కాస్త గర్వం కూడా. మూడేళ్ళుగా ఒక్క మెట్టు తప్పలేదు.

అయిదోసారి చూస్తుంటే క్లిప్పు కింద పరిగెత్తే సెకన్ల మీద కన్ను పడింది. నాలుగోదాంట్లో పాదాలు కుదిరాక అయిదు సెకన్లలో కొట్టేశాను. తొమ్మిదోదాంట్లో పద్నాలుగు సెకన్లు పట్టింది. ఆ ఎక్కువ పట్టిన తొమ్మిది సెకన్లలో బయటికి ఏమీ జరగలేదు, బొమ్మలా నిలబడి ఉన్నాను. లోపల జరిగింది మాత్రం నాకు బాగా గుర్తుంది. ఇంకాస్త దూరం కొట్టే సిక్స్ ఐరన్ తీసుకోవాల్సిందా? గాలి ఎదురుగా వస్తోందా, పక్కనుంచి వస్తోందా? పోనీ ఇదే కాస్త గట్టిగా కొడితే? అయ్యో, వెనక గ్రూపు వాళ్ళు వచ్చేశారు. చివరికి “సరేలే” అనుకుని కొట్టాను. చెరువులో పడింది.

ఆ రాత్రి నుంచీ ఒకటే ఆలోచన. ప్రీ-షాట్ రొటీన్ గురించి నేను విన్నదంతా మెట్ల గురించే: ఎన్ని స్వింగులు, ఎన్ని చూపులు, ఊపిరి ఎప్పుడు వదలాలి. మెట్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు. బంతి దగ్గర నిలబడ్డాక లోపల ఉన్నది ‘సరే’నా, ‘సరేలే’నా అని పోల్చుకోవడం, ‘సరేలే’ అయితే వెనక్కి వచ్చేయడం, ఈ రెండింటి కోసమే రొటీన్ ఉన్నదని ఇప్పుడు అనిపిస్తోంది. ఈ రెండూ లేకుండా మూడేళ్ళు చేసింది నేను.

తెలుగులో మనకిదొక సౌకర్యం. ఎవరైనా “సరే” అన్నారంటే వాదన తేలిపోయినట్టు. “సరేలే” అన్నారంటే వాదన అలాగే ఉంది, వాదించే ఓపిక అయిపోయింది. క్లబ్ పట్టుకున్న చేతులకు ఆ తేడా తలకన్నా ముందే తెలుస్తుంది. గ్రిప్ బిగుసుకుంటుంది, భుజాలు పైకి లేస్తాయి, స్వింగ్ సగంలోనే మొదటి నిర్ణయాన్ని సవరించబోతాం. సెవెన్ ఐరన్‌తో సిక్స్ ఐరన్ దూరం కొట్టాలని చూస్తే ఏమవుతుందో ఆడేవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

గ్లవ్ అనే సెంటిమెంట్

ఒక పని ఎందుకు చేస్తున్నామో చెప్పలేం, కానీ మానేస్తే భయం వేస్తుంది. దాన్నే కదా సెంటిమెంట్ అంటాం. ఆ లెక్కన నేను గ్లవ్ సర్దుకోవడం సెంటిమెంటే. ఒకసారి వానలో గ్లవ్ తడిసి జారుతుంటే విప్పేసి ఆడాను. రెండో ప్రాక్టీసు స్వింగ్ అవగానే కుడిచెయ్యి దానంతట అదే వెళ్ళి లేని గ్లవ్‌ను లాగబోయింది. నవ్వొచ్చింది గానీ, ఆ తరువాత బంతి దగ్గర నిలబడటానికి ఏదో వెలితిగా అనిపించింది. ఏ ఆలోచననూ మోయని కదలిక అది. అయినా అది లేకపోతే రొటీనే లేనట్టు బెంగ.

పెద్ద ఆటగాళ్ళకూ ఈ తిప్పలు తప్పలేదు. 2002 యూఎస్ ఓపెన్‌లో సెర్హియో గార్సియా బంతి దగ్గర నిలబడి గ్రిప్‌ను వదులుతూ బిగిస్తూ అలా చేస్తూనే ఉండేవాడు. ప్రేక్షకులు ఎన్నిసార్లు చేశాడో పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆ అలవాటును అతను తరువాత వదిలించుకున్నాడు. చూసేవాళ్ళకు అది రొటీన్‌లో భాగంలా ఉండి ఉండొచ్చు. నాకు మాత్రం అందులో నా పద్నాలుగు సెకన్లే కనిపిస్తాయి. కాకపోతే అతని చేతులు కదిలాయి, నావి కదల్లేదు.

దీనికి పూర్తిగా అవతలి కొసన జూలియస్ బోరోస్. బంతి దగ్గరికి నడిచి వెళ్ళి, ఆగాడో లేదో తెలియకుండానే కొట్టేసేవాడని పేరు. 1968లో 48 ఏళ్ళ వయసులో పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. మేజర్ (గోల్ఫ్‌లోని నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకటి) గెలిచిన అందరిలోకీ పెద్ద వయసువాడిగా ఆ రికార్డు 2021లో ఫిల్ మికెల్సన్ 50 ఏళ్ళకు గెలిచేదాకా నిలిచింది. “చూడు, ఆయనకు ఏ రొటీనూ లేదు, ఇదంతా పుస్తకాలు అమ్ముకునేవాళ్ళు పుట్టించింది” అని నా స్నేహితుడి వాదన. వాడి మాట తీసిపారేయలేను. అయితే బోరోస్ ఆలోచించకుండా కొట్టేవాడని మాత్రం నేను ఒప్పుకోను. బంతి దగ్గరికి నడుస్తున్నప్పుడే ఆయన ఆలోచన అయిపోయి ఉండాలి. అక్కడికి చేరాక తేల్చుకోవాల్సింది ఏమీ మిగలని మనిషే అలా కొట్టగలడు.

ఈ విషయాన్ని అందరికన్నా సూటిగా చెప్పింది పియా నిల్సన్, లిన్ మారియట్ అనే ఇద్దరు కోచ్‌లు. బంతి వెనక ఉన్న చోటు థింక్ బాక్స్, బంతి దగ్గరి చోటు ప్లే బాక్స్, మధ్యలో ఒక గీత ఊహించుకోమంటారు. దూరం, గాలి, క్లబ్, టార్గెట్, అన్నీ గీతకు ఇవతలే తేలాలి. గీత దాటాక కొత్త ఆలోచనకు చోటు లేదు. నిల్సన్ దగ్గర తర్ఫీదు పొందిన అనికా సోరెన్‌స్టామ్ 2001లో పద్దెనిమిది హోళ్ళ రౌండ్ ఒకటి 59 స్ట్రోకుల్లో (దెబ్బల్లో) ముగించింది. గీత వల్లే 59 వచ్చిందని నేననను, ఆ స్వింగ్ ఉన్నవాళ్ళు గీత లేకపోయినా నన్ను ఓడిస్తారు. నాకు నచ్చింది ఆ ఏర్పాటు. మనసును అదుపులో పెట్టుకో, టెన్షన్ పడకు అంటే ఎవరికీ చేతకాదు. ఈ గడ్డిపరక దాటాక క్లబ్ మార్చకూడదు అంటే నాలాంటివాడికి కూడా చేతనవుతుంది.

“నీళ్ళలో కొట్టకు”

నిర్ణయం ఇవతలే అయిపోవాలంటే సరిపోదు, ఆ నిర్ణయం ఏ రూపంలో గీత దాటుతోందన్నది కూడా చూసుకోవాలి. నాకు మొదట్లో నేర్పిన కోచ్ చెరువున్న హోల్ దగ్గర ఒకసారి, “ఇప్పుడు ఏమనుకుంటున్నావ్?” అని అడిగారు. “నీళ్ళలో పడకూడదు అనుకుంటున్నాను సార్” అన్నాను. ఆయన నవ్వి, “కోతిని తలుచుకోకుండా మందు తాగు మరి” అన్నారు.

ఈ కోతిని డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగశాలలోకి కూడా తీసుకువెళ్ళాడు. 1998లో వెలువడిన ఒక పరిశోధనలో ఆయన బృందం కొందరిని పట్ (బంతిని నేల మీదుగా దొర్లించే దెబ్బ) కొట్టమంది. బంతి గుర్తు దాటి పోకూడదు, అదొక్కటే జాగ్రత్త అని చెప్పింది. వాళ్ళలో కొందరికి అదే సమయంలో ఒక అంకెల వరసను గుర్తుపెట్టుకునే పని కూడా అప్పగించింది. బుర్ర అలా నిండి ఉన్నవాళ్ళు ఏది వద్దన్నారో అదే చేశారు, బంతిని గుర్తు దాటించేశారు. నా పద్నాలుగు సెకన్లకు ఇంతకన్నా దగ్గరి వర్ణన దొరకలేదు. గాలి, సిక్స్ ఐరన్, వెనక గ్రూపు, ఇన్ని అంకెలు మోస్తూ ‘నీళ్ళలో పడొద్దు’ అనుకున్నాను.

అందుకే గీత దాటే ఆలోచన ‘ఎక్కడ పడకూడదు’ అని కాక ‘ఎక్కడికి పోవాలి’ అని ఉండాలి. అదీ చిన్నదిగా ఉండాలి. 2014 ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్) గెలిచాక రోరీ మెకిల్‌రాయ్ ఆ వారమంతా తనలో తాను అనుకున్న రెండు మాటలు బయటపెట్టాడు: ‘ప్రాసెస్’, ‘స్పాట్’. మొదటిది పెద్ద షాట్లకు, రెండోది పటింగ్‌కు. బంతి దొర్లే దారిలో ఒక మచ్చ చూసుకుని, దాని మీదుగా బంతి పంపడం వరకే తన పని. అవి విన్న జనం కాస్త నిరుత్సాహపడి ఉంటారు, ఏదో మంత్రం చెబుతాడనుకుని ఉంటారు. జాక్ నిక్లాస్ కూడా అంతకు చాలాముందే బంతికి కొద్ది అడుగుల ముందు ఒక ఆకునో గడ్డి మచ్చనో గుర్తు పెట్టుకుని దాని మీదుగా గురి పెట్టేవాడు. 150 గజాల అవతలి జెండా భయపెడుతుంది. నాలుగడుగుల దూరంలోని ఆకు ఎవర్నీ భయపెట్టదు.

ఈ ఆకు పద్ధతి నేను పట్టుకుని రెండు నెలలైంది. ఒక ఇబ్బంది ఉంది: బంతి వెనక నుంచి చూసిన ఆకు, బంతి దగ్గరికి వెళ్ళి తలవంచేసరికి ఏదో తెలియకుండా పోతుంది. అన్నీ ఒకేలాంటి ఆకులు. అప్పుడు ఇంచుమించుగా ఒకదాన్ని ఎంచుకుని ‘ఇదే అయ్యుంటుంది’ అనుకుంటాను. అది కూడా ఒక ‘సరేలే’ అని ఈ మధ్యనే గమనించాను.

వెనక్కి రావడానికి అడ్డేమిటి

ఇక్కడిదాకా చెప్పింది చాలామంది ఒప్పుకుంటారు. గీత దాటాక అనుమానం వస్తే వెనక్కి వచ్చి మొదటి నుంచీ మొదలుపెట్టడం, ఇది కూడా ఒప్పుకుంటారు. చేసేవాళ్ళే తక్కువ. నేను మూడేళ్ళలో ఎన్నిసార్లు చేశానో ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

1970 ఓపెన్, సెయింట్ ఆండ్రూస్, చివరి హోల్. మూడు అడుగుల లోపు పట్. వేస్తే డగ్ శాండర్స్ ఛాంపియన్. బంతి దగ్గర నిలబడ్డాక దారిలో ఏదో రాయిలాంటిది కనపడి వంగి తీయబోయాడు. తీరా చూస్తే రాయి కాదు, ఎండిన గడ్డి. పాదాలు కదపకుండానే లేచి, అలాగే కొట్టేశాడు. బంతి పక్కనుంచి పోయింది. స్కోర్లు సమానమై, మర్నాటి ప్లేఆఫ్‌లో నిక్లాస్ చేతిలో ఒక్క స్ట్రోక్ తేడాతో ఓడిపోయాడు. ఆ పాత వీడియో చూసినప్పుడల్లా ‘ఒక్కడుగు వెనక్కి వెయ్యి బాబూ’ అని పైకే అంటాను. వెనక్కి వచ్చి ఉంటే పట్ పడేదని హామీ లేదు. కానీ అతను కొట్టింది తాను సిద్ధపడిన పట్ కాదు, మధ్యలో తెగిపోయినదాని మిగతా సగం.

మనలాంటివాళ్ళను ఆపేది సిగ్గు. వెనక గ్రూపు చూస్తోంది, పక్కవాడు గడియారం చూసుకుంటున్నాడు, వారానికోసారి ఆడే ఆటకు ఇంత బిల్డప్పా అనుకుంటారేమో. ఈ భయం పూర్తిగా తప్పని కూడా అనలేను. నిదానంగా ఆడేవాళ్ళంటే నాకూ చిరాకే. 2019లో అమల్లోకి వచ్చిన నిబంధనల్లో షాట్ 40 సెకన్లు దాటకుండా, మామూలుగా అంతకన్నా త్వరగానే కొట్టమని సిఫారసు చేశారు. అందుకని కొలుచుకున్నాం. క్లబ్ చేతిలోకి తీసుకున్న దగ్గర్నుంచి నా మామూలు షాట్‌కు 25 సెకన్లు పడుతోంది. ఒకసారి వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెడితే 38. అంటే పదమూడు సెకన్లు ఎక్కువ. బంతి పొదల్లో పడితే వెతకడానికి నిబంధనలు ఇచ్చే గడువే 3 నిమిషాలు. ‘సరేలే’ అని కొట్టి పొదల్లో వెతుకుతూ తిరిగితే వెనక గ్రూపుకు పోయే టైం ఎక్కువా, ఇది ఎక్కువా?

ఈ లెక్క చూపించి స్నేహితుడి మీద గెలిచాననుకున్నాను. వాడు ‘నా’ ఇంటిపేరున్న కెవిన్ నా అనే ఆటగాడి సంగతి ఎత్తాడు.

అది నిజంగానే గట్టి దెబ్బ. 2012 ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో కెవిన్ నా మూడు రౌండ్లయ్యేసరికి అందరికన్నా ముందున్నాడు. కానీ బంతి దగ్గర నిలబడితే స్వింగ్ మొదలయ్యేది కాదు. క్లబ్ అటూ ఇటూ ఆడించడం, వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం, ఒక్కోసారి కావాలనే బంతి పైనుంచి క్లబ్ తిప్పేసి మళ్ళీ మొదటికి రావడం. ప్రేక్షకులు అల్లరి చేశారు. చివరి రోజు 76 స్ట్రోకులు తీసుకుని ఏడో స్థానానికి జారిపోయాడు. “నువ్వు చెప్పేది ఇదేగా, వెనక్కి రా, వెనక్కి రా అని. వచ్చాడు. ఏమైంది?” అన్నాడు మావాడు.

రెండు వారాలు దీని మీద తల బద్దలు కొట్టుకున్నాను. వెనక్కి రావడమే జబ్బుగా మారగలదని ఒప్పుకోక తప్పదు. తలుపుకు తాళం వేశామో లేదో అని నాలుగుసార్లు వెళ్ళి చూసేవాడికి ‘ఇంకోసారి చూసి రా’ అనడం సలహా కాదు. కాబట్టి నా మాటకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. వెనక్కి వస్తే ఏదో ఒకటి మార్చి వెళ్ళాలి. క్లబ్ మార్చాలి, లేదా టార్గెట్‌ను గ్రీన్ మధ్యకు జరపాలి, లేదా చెరువు దాటించే ఆలోచనే మానుకుని దానికి ఇవతలే పడేలా కొట్టుకోవాలి. మార్చేదేమీ లేకపోతే ఆ అనుమానం నిర్ణయం గురించి కాదన్నమాట, ఒట్టి భయం. భయానికి వెనక్కి వచ్చినా ఉపయోగం లేదు, అది మనతోపాటే వచ్చి మనతోపాటే తిరిగి వెళ్తుంది. దాన్ని వెంటబెట్టుకునే కొట్టాలి. రెండోసారి వెనక్కి రావడం లేదు.

కెవిన్ కష్టాన్ని ఈ షరతు తీర్చేదని కాదు. అతని చిక్కు వేరే చోట ఉన్నట్టు నాకనిపిస్తుంది. నా పద్నాలుగు సెకన్లకు మాత్రం ఇది పనికొస్తోంది.

చుక్కల లెక్క

పనికొస్తోందని ఎలా తెలుసు? స్కోర్‌ను బట్టి చెప్పలేం. ‘సరే’ అని కొట్టినవీ చెడతాయి, ‘సరేలే’ అని కొట్టినవీ జెండా పక్కన పడతాయి. అందుకని స్కోర్‌కార్డులో స్ట్రోకుల అంకె పక్కనే, ‘సరే’ అని కొట్టిన ప్రతి షాట్‌కూ ఒక చుక్క పెట్టడం మొదలుపెట్టాను. మొదటి రోజు 94 స్ట్రోకులకు 71 చుక్కలు వచ్చాయి. పొంగిపోయాను.

మూడో వారానికి దొంగతనం బయటపడింది. చుక్క పెడుతున్నది షాట్ అయ్యాక. బంతి గ్రీన్ మీద ఆగితే ‘నమ్మకంగానే కొట్టాను’ అనిపిస్తుంది. బంకర్లో (ఇసుక గుంటలో) పడితే ‘ముందే ఏదో తేడాగా అనిపించింది’ అని గుర్తొస్తుంది. రెండూ నిజంలాగే ఉంటాయి. ఇప్పుడు బంతి గాల్లో ఉండగానే పైకి “సరే” అనో, “సరేలే” అనో అనాలని నియమం. మావాడు సాక్షి. అలా లెక్కేస్తే ఇంచుమించు అన్నే స్ట్రోకులకు 40 చుక్కలు దాటలేదు. అంటే సగానికి పైగా షాట్లు నేను ఒప్పుకోకుండానే కొడుతున్నాను. ఇంత చెప్పుకొచ్చిన నేనే.

ఇంకో అనుమానం మిగిలే ఉంది. గీత దాటాక ఆలోచించొద్దనే సలహా నా స్థాయివాడికి వర్తిస్తుందా? సియాన్ బైలాక్ బృందం 2004లో ప్రచురించిన పటింగ్ పరిశోధనలో అనుభవజ్ఞులు త్వరగా కొట్టమంటే మెరుగ్గా వేశారు. కొత్తవాళ్ళు నిదానంగా, జాగ్రత్తగా కొట్టమంటే మెరుగ్గా వేశారు. నేర్చుకునే దశలో చేతుల మీద ధ్యాస మేలే చేస్తుందన్నమాట. నేను ఏ గుంపులోకి వస్తానో నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చూపే అంకె) చూస్తే తెలుస్తుంది. ప్రస్తుతానికి ఇలా సర్దుకున్నాను: ప్రాక్టీసు రేంజ్‌లో రెండొంతుల బంతులు స్వింగ్ గురించి ఆలోచిస్తూ కొడతాను, మిగిలిన మూడో వంతు ఒక్కో బంతికీ టార్గెట్ మార్చి, వెనక నిలబడి, ఆకు చూసుకుని, పూర్తి రొటీన్‌తో. టైం ఎక్కువ పడుతుంది, విసుగు కూడా. రేంజ్‌లో బుట్టెడు బంతులు గబగబా కొట్టేసి కోర్సు మీదికొచ్చి రొటీన్ పాటించాలనుకోవడం మాత్రం పరీక్ష హాల్లో మొదటిసారి పుస్తకం తెరిచినట్టే ఉంటుంది.

గ్లవ్ సర్దుకోవడం మానలేదు. దానికో పని అప్పగించాను: అది లాగినప్పుడే గీత దాటినట్టు. సెంటిమెంట్‌కు ఉద్యోగం ఇచ్చావని మావాడి వెక్కిరింపు.

చెరువు హోల్ దగ్గర ఈ నెలలో మూడుసార్లు ఆడాను. ఒకసారి వెనక్కి వచ్చి సిక్స్ ఐరన్ తీసుకున్నాను, గ్రీన్ దాటి వెనక గడ్డిలో పడింది. ఒకసారి వెనక్కి రాకుండానే గ్రీన్ మీద పడింది. ఒకసారి నీళ్ళే. మూడింటికీ చుక్కలున్నాయి.

నాకు ఇంకా లొంగనిది రెండడుగుల పట్. దానికి వెనక నిలబడి చూడటం, మచ్చ వెతకడం చేస్తుంటే ఏదో అతి చేస్తున్నట్టు ఉంటుంది. అందరూ అప్పటికే జెండా పెట్టేయడానికి సిద్ధంగా నిలబడి ఉంటారు. మొన్న పదిహేడో హోల్ మీద అలాగే వంగి ఒంటిచేత్తో తోసేశాను. అంచు తాకి బయటికొచ్చింది. మావాడు ఏమీ అనలేదు, స్కోర్‌కార్డు తీసి నా వైపు చూశాడు. “సరేలే” అన్నాను.